చెక్కలు పీకిన ఆదివారం

వీధిలో అందరూ ఆమెను కటింగ్ మాస్టరమ్మ అనేవారు. రెడీమేడ్ చొక్కాల ఫ్యాక్టరీలో పొరలు పొరలుగా పరిచిన గుడ్డ మీద సుద్దతో గీత గీసి, మిషను కత్తి పట్టి కోయడం ఆమె ఉద్యోగం. కత్తి గీత దాటి కాస్త పక్కకి పోయిందంటే కింద ఉన్న పొరలన్నీ పాడైపోతాయి. అందుకని ఆమెకు చెయ్యి తడబడడం, నోరు జారడం రెండూ అలవాటు లేవు. నెమ్మదస్తురాలని పేరు. అలా పేరు పడ్డవాళ్ళకు ఒక చిక్కు ఉంటుంది. ఎవరేం చెప్పినా సరేనంటారని నలుగురూ అనుకుంటారు. చాలాకాలం ఆమె కూడా తన గురించి అలాగే అనుకుంది.

ఇంట్లో ఉండేది ముగ్గురు. ఆమె, భర్త, అత్త. భర్త లిఫ్టు మెకానిక్కు. పై అంతస్తులో ఇరుక్కుపోయినవాళ్ళను కిందికి దించడంలో మొనగాడు గానీ, ఇద్దరి మధ్య మాట పెరిగిందంటే చాలు, చెప్పులు వేసుకుని బయటికి నడిచే రకం. అత్తకు ఎడమ కన్ను కనపడదు. మొదట్లో ఆవిడ మసగ్గా ఉందంటే రేపు చూపిద్దామన్నారు. ఆ రేపు పనుల మీద పనులు అడ్డొచ్చి జరిగి జరిగి, చివరికి ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి డాక్టరు చేతులెత్తేశాడు. ఆ తర్వాత ఆవిడ మంచం మీద గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది. పిలిస్తే పలికేది కాదు. పెడితే తినేది, లేకపోతే లేదు.

కోళ్ళు ఆ ఇంటికి వచ్చింది అప్పుడే. ఫ్యాక్టరీలో గుండీలు కుట్టే ఆవిడ ఇల్లు మారుతూ, తన కోళ్ళను ఎవరైనా తీసుకుంటే బాగుండునంటే, కటింగ్ మాస్టరమ్మ ఆ అరడజను పెట్టల్నీ అట్టపెట్టెల్లో పెట్టి తెచ్చింది. పెరట్లో గోడవారగా భర్త గూడు కట్టాడు. మూడువైపులా జాలీ, పైన రేకు, లోపల ఎక్కి కూర్చోవడానికి కర్రలు, నేలమీద చెక్కపొట్టు. కోళ్ళు దిగిన పూట అత్త మంచం మీంచే "ఏంటమ్మాయ్ ఈ గోల" అంది. ఎన్నాళ్ళకో ఆవిడ నోట వచ్చిన పూర్తి మాట అది. మర్నాడు కిటికీ దగ్గరికి వచ్చింది. ఆ మర్నాడు పెరట్లోకి వచ్చింది. కొన్నాళ్ళకు ముక్కాలిపీట వేసుకుని అక్కడే కూర్చుని ఒక్కోదానికీ పేరు పెట్టింది. గొంతు జీరగా ఉండేది బొంగురుది. గుడ్డు పెట్టి కూడా పెట్టనట్టు తిరిగేది దొంగమొహంది. ఎవరికి గింజలు వేసినా ముందు తానే వచ్చి మిగతావాటిని తోసి పారేసే గోధుమరంగు పెట్ట పెత్తనం.

"అచ్చం మా ఆడబిడ్డ" అని నవ్వేది అత్త పెత్తనాన్ని చూసి. ఆ నవ్వు విన్నప్పుడల్లా కొడుకు అవతలి గదిలో చేస్తున్న పని ఆపి వినేవాడు.

గోడకవతలి ఇల్లు రూల్సు మాస్టారిది. హెడ్మాస్టరుగా రిటైరై, వీధి కమిటీకి సెక్రటరీ అయ్యాడు. చెత్తబుట్ట గుమ్మానికి ఏ వైపు పెట్టాలో, స్కూటరు ఎటు తిప్పి నిలపాలో ఆయనే చెబుతాడు. చెడ్డవాడేం కాదు. ఎవరింట్లో కుళాయి రాకపోయినా మొదట మున్సిపల్ ఆఫీసుకు ఫోను చేసేది ఆయనే. కాకపోతే రూలంటే ప్రాణం. వీధిలో కోళ్ళున్నాయి, కోళ్ళకు రూలు లేదు అన్న సంగతి ఆయన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. ఒకరోజు గేటు దగ్గర నిలబడి, లోపలికి రమ్మన్నా రాకుండా చెప్పాడు.

"మా పడగ్గది కిటికీ సరిగ్గా మీ గూటికి ఎదురమ్మా. వాసన, గోల. తీసెయ్యమని నేననట్లేదు. మూసెయ్యమంటున్నాను. గాలి మా వైపు రాకుండా చుట్టూ మూసేస్తే మీకూ మాకూ గొడవుండదు."

ఆమె సరేనంది. ఆమె అనేలోపే భర్త కూడా సరేనన్నాడు. ఆ సాయంత్రమే చెక్కలు తెచ్చి మూడువైపులా జాలీ కనపడకుండా బిగించాడు. పైన రేకుకీ గోడకీ మధ్య ఉన్న ఖాళీని కూడా టార్పాలిన్‌తో కప్పి మేకులు కొట్టాడు. పనిమంతుడు కదా, సూది దూరే సందు కూడా లేకుండా చేశాడు. మాస్టారు కిటికీలోంచి చూసి తల ఊపాడు. వీధిలో శాంతి నెలకొంది.

ఆ తర్వాత వానలు పట్టుకున్నాయి. పగలు కూడా కోళ్ళు బయటికి రాలేక గూట్లోనే ముడుచుకుని కూర్చునేవి.

వాన తెరిపిచ్చిన ఒక పొద్దున అత్త పీట మీంచి పిలిచింది. "అమ్మాయ్, ఇలా రా. పెత్తనం ఒక కన్ను మూసుకుని తింటోంది. నన్ను వెక్కిరిస్తోందేమో కనుక్కో."

కటింగ్ మాస్టరమ్మ వంగి చూసింది. వెక్కిరింత కాదు. పెత్తనం ఎడమ కన్ను వాచి, రెప్పలు అంటుకుపోయి ఉన్నాయి. రెప్పల మధ్య నురగ. ఉండుండి తల భుజం ఈకలకేసి రుద్దుకుంటోంది. గింజను పొడవబోయి నేలను పొడుస్తోంది. మిగతావి కూడా ఎండలో నిలబడి కళ్ళు చికిలించుకుంటున్నాయి. బొంగురుదాని కళ్ళు రెండూ ఎర్రగా నీళ్ళు కారుతున్నాయి.

దాణా కొట్టు ఆయన్ను అడిగితే కోళ్ళకు ఇలాంటివి వస్తూనే ఉంటాయన్నాడు. మూలింటి బేకరీ ఆయన్ను అడిగితే పసుపు పూయమన్నాడు, వాళ్ళావిడ కాదు కాదు, కిరసనాయిలు చుక్క వెయ్యమంది. ఇంకొకరు ముదిరేలోపు కోసుకు తినెయ్యమన్నారు. అత్త తన కంటి చుక్కల సీసా తెచ్చింది. "నాకు వేసేదే, ఖరీదైన మందు. దీనికో చుక్క వేస్తే పోలా?" ఆమె సీసా అందుకుని పక్కన పెట్టి, కాచి చల్లార్చిన నీళ్ళలో ఉప్పు కలిపి, దూదితో పెత్తనం కన్ను తుడిచింది. ఒక కంటికి వాడిన దూది ఇంకో కంటికి వాడలేదు. ఆ కొద్దిపాటి జాగ్రత్త ఆమెకు ఎవరూ చెప్పలేదు, చేతికి తోచింది. కానీ వాపు తగ్గలేదు.

కిటికీలోంచి మాస్టారు చూడనే చూశాడు. ఈసారి గేటు దగ్గర ఆగలేదు, లోపలికే వచ్చాడు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"అంటురోగం" అన్నాడు. "కోళ్ళకు కళ్ళు పోతున్నాయంటే రేపు మనుషులకు. ఆదివారం కమిటీ కూర్చుంటుంది. ఈలోపు అన్నిటినీ ఎక్కడికైనా పంపించెయ్యండి. లేకపోతే మేమే మనుషుల్ని పిలిపించి పట్టించాల్సి వస్తుంది."

"అలాగే మాస్టారూ, చూద్దాం" అన్నాడు భర్త.

చూద్దాం అన్న మాట వినగానే అత్త మొహం అటు తిప్పుకుంది. లేచి లోపలికి వెళ్ళి, మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది.

కటింగ్ మాస్టరమ్మ గుమ్మంలో నిలబడి ఆ వీపును కాసేపు చూసింది. తర్వాత ఫ్యాక్టరీకి ఫోను చేసి ఇవాళ రానని చెప్పింది. అట్టపెట్టెకు చిల్లులు పొడిచి, అడుగున పాత తువ్వాలు పరిచి, పెత్తనాన్ని అందులో కూర్చోబెట్టుకుని బస్సెక్కింది.

పశువుల ఆస్పత్రిలో కుక్కలు, పిల్లులు, ఒక మేకపిల్ల. బల్ల మీద అందరూ ఎవరిదాన్ని వాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కుక్కగల ఒకాయన పెట్టెలోకి తొంగిచూసి, "కోడిని కూడా తీసుకొస్తారా?" అన్నాడు.

"కుక్కను తెచ్చారు కదా మీరు" అంది ఆమె.

డాక్టరు చిన్నవయసు అమ్మాయి. పెత్తనాన్ని బల్ల మీద పెట్టి, ముందు కంటి జోలికి పోకుండా ముక్కు చూసింది, నోరు తెరిచి చూసింది, వీపుకు చెవి ఆనించి ఊపిరి వింది. అప్పుడు కన్ను చూసింది. "గట్టిగా పట్టుకోండక్కా. రెక్కలు కదలకూడదు" అని, తడిపి తడిపి రెప్పలు విడదీసి, పట్టకారతో లోపల్నుంచి గట్టిపడ్డ పెరుగులాంటి ముద్దను నెమ్మదిగా లాగింది. పెత్తనం ఒక్కసారి మూలిగింది. కటింగ్ మాస్టరమ్మ చేతులు కదల్లేదు. ముద్ద పోయాక కనిపించిన కన్ను కన్నులా లేదు. తెల్లగా, మధ్యలో గుంట.

"ఈ కంటికి చూపు పోయింది" అంది డాక్టరు. "పుండు పడి లోపలికి దిగింది. రెండోది ఎర్రగా ఉంది గానీ దక్కుతుంది. మిగతావాటికి కూడా ఉందన్నారు కదా. అన్నిటికీ ఒకేసారి, రెండు కళ్ళకూ. నాకు గూడు చూడాలనుంది. మా ఇల్లు అటువైపే, సాయంత్రం వస్తాను."

అన్నట్టే వచ్చింది. గూటి ముందు చతికిలబడి, చిన్న తలుపు తీసి, తల లోపలికి పెట్టింది. పెట్టినంతసేపు కూడా ఉంచలేదు, వెనక్కి తీసేసి కళ్ళు తుడుచుకుంది.

"మీరు పెట్టండక్కా."

కటింగ్ మాస్టరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని తల లోపలికి దూర్చింది. నేలకు దగ్గరగా, కోడి నిలబడే ఎత్తులో. ముక్కులో సూదులు దిగినట్టయింది. కళ్ళు భగ్గుమన్నాయి. గొంతు పట్టేసింది. బయటికి వచ్చి చెంపల మీద కారుతున్న నీళ్ళు తుడుచుకుంటూ ఆ నల్లటి గుమ్మాన్ని చూసింది. రోజూ చీకటిపడగానే లెక్కపెట్టి మరీ లోపలికి తోలి, గడియ పెట్టింది తనే.

"వాన చెమ్మకు కిందున్న పొట్టు తడిసింది" అంది డాక్టరు. "దానికి రెట్ట కలిసింది. గాలి ఆడితే ఏమీ కాదు. ఆడకపోతే లోపల అమ్మోనియా పుడుతుంది. మనం నిలబడి చూస్తే తెలీదు. కోడి కళ్ళకు రాత్రంతా అదే. ముందు మంట, తర్వాత పుండు, తర్వాత పుండులో చీము. ఈ చెక్కలు ఎందుకు కొట్టారు?"

భర్త గోడకవతల కిటికీ వైపు చూశాడు.

"అంటురోగం కాదా?" అడిగింది ఆమె.

"అంటురోగమైతే ముక్కులు కారేవి, ఊపిరిలో గురగుర వినపడేది. అవేం లేవు. పొట్టు మొత్తం తీసేసి, గాలి వచ్చేలా చేసి, నేనిచ్చే పూత పొద్దునా సాయంత్రం పెట్టండి. ఆకుకూర దండిగా వెయ్యండి. తగ్గుతుంది." పీట పక్కన ఉన్న అత్త చుక్కల సీసా చూసి ఆగింది. "ఇది గాని వేశారా?"

"వేద్దామంటే ఈ పిల్ల వెయ్యనివ్వలేదు" అంది అత్త గుమ్మంలోంచి. ఆవిడ ఎప్పుడు లేచి వచ్చిందో ఎవరూ చూడలేదు.

"మంచిపని చేశారు. మనుషుల మందులు అన్నీ పనికిరావు. పుండు మీద కొన్ని వేస్తే ఉన్న కన్ను కూడా పోతుంది."

డాక్టరు లేస్తూ పెత్తనం సంగతి చెప్పింది. కన్ను మానుతుంది గానీ మూసుకుపోతుంది. ఒంటికన్ను కోడిని మిగతావి పొడుస్తాయి. కొంతమంది ఉంచుకుంటారు, కొంతమంది ఉంచుకోరు. మీ ఇష్టం అంది.

డాక్టరు వెళ్ళాక భర్త గొంతు తగ్గించి, "ఆ ఒక్కదాన్ని వదిలించుకుంటే మాస్టారికి కూడా కాస్త శాంతిగా ఉంటుందేమో. ఒంటికన్నుదాన్ని పెట్టుకుని ఏం చేస్తాం?" అన్నాడు.

అత్త చేతికర్ర నేలకు ఆనించి నిలబడింది. "చెప్పరా. ఒంటికన్నుదాన్ని ఏం చేస్తారో చెప్పు. నేనూ వింటాను."

కొడుకు తలెత్తలేదు. ఆవిడ గద్దించలేదు, ఏడవలేదు, అడిగి ఊరుకుంది. కాసేపటికి అతను వెళ్ళి తల్లి చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుని, పీట మీద కూర్చుని, "దాన్నిటు ఇవ్వండి, పూత నేను పెడతాను" అంది.

"చెక్కలు బిగించింది నేను" అన్నాడు అతను భార్యతో, లోపలికి వచ్చాక. తనమీద తనకే కోపం, ఏడుపు మొహంలో కలగలిసి ఉన్నాయి.

"బిగించింది మీరు. సరేనన్నది నేను. ఇక అనను."

కోళ్ళను స్నానాలగదిలోకి మార్చారు. కింద పాత దుప్పట్లు పరిచి, కిటికీ బార్లా తెరిచి ఉంచారు. భర్త పొద్దున్నే స్నానానికి వెళితే బొంగురుది బకెట్టు అంచున కూర్చుని తప్పుకునేది కాదు. దొంగమొహంది సబ్బు పెట్టెలో గుడ్డు పెట్టింది. అతను తువ్వాలు కట్టుకుని చేతిలో గుడ్డుతో బయటికి వస్తే అత్త పడీ పడీ నవ్వింది. పెత్తనాన్ని మాత్రం వేరే పెట్టెలో, అత్త మంచం పక్కన పెట్టారు.

ఒక్క సంగతే అతనికి అర్థం కాలేదు. "గూడు శుభ్రం చేస్తాను, చెక్కలు తీస్తాను" అంటే ఆమె వద్దంది.

"అలాగే ఉండనివ్వండి. తలుపు వేసే ఉంచండి. ఆదివారం దాకా ఎవరూ ముట్టుకోవద్దు."

"ఆదివారం ఏం చేస్తావు? ఎందుకే లేనిపోని..."

"మీకు కష్టంగా ఉంటే ఆ పూట బయటికి వెళ్ళండి. నేనేమీ అనుకోను." నిష్ఠూరంగా అనలేదు. నిజంగానే అంది. అతనికి అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఆదివారం పొద్దున వెనకసందులో కమిటీ చేరింది. రూల్సు మాస్టారు, బేకరీ ఆయన, ఆయన భార్య, ఇంకా వీధిలో తీరికున్న నలుగురైదుగురు. మాస్టారు కుర్చీ తెచ్చుకున్నాడు గానీ కూర్చోలేదు.

"అందరికీ తెలిసిన విషయమే" అని మొదలుపెట్టాడు. "ఆరోగ్యం దృష్ట్యా మన వీధిలో కోళ్ళు ఉండకూడదని..."

"ఉంటాయి మాస్టారూ" అంది కటింగ్ మాస్టరమ్మ.

పెరటి తలుపులో నిలబడి ఉంది. గొంతు ఎప్పటిలాగే నెమ్మదిగా ఉంది. అందుకే మాస్టారు సరిగా వినలేదనుకున్నాడు.

"ఏమన్నారు?"

"ఉంటాయన్నాను."

"అంటురోగమమ్మా."

"కాదు. డాక్టరు వచ్చి చూసింది."

"రాతపూర్వకంగా ఏమన్నా ఇచ్చిందా?"

"ముక్కుపూర్వకంగా ఇచ్చింది. రండి చూపిస్తాను."

బేకరీ ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాస్టారు మొహం గంటు పెట్టుకుని పెరట్లోకి వచ్చాడు. మిగతావాళ్ళు ఎందుకాగుతారు, వెనకే వచ్చారు. భర్త అక్కడే ఉన్నాడు. చెప్పులు వేసుకున్నాడు గానీ బయటికి వెళ్ళలేదు.

"ఈ గూడు మీరు చెప్పినట్టే మూశాం" అంది ఆమె. "సందు లేకుండా మూశాం. మీరు మూయించిన ఇంట్లో అవి ఎలా ఉన్నాయో ఒక్కసారి తల పెట్టి చూడండి. అవి రాత్రంతా ఉన్నాయి, మీరు ఒక్క నిమిషం ఉండండి చాలు."

"నేనా? గూట్లో తలా?"

"రూలు పెట్టినవాళ్ళు చూడాలి కదండీ."

ఆ మాట ఎవరన్నా ఆయన దాటిపోగలిగేవాడు కాదు. రూలు పెట్టినవాడు చూడాలన్నది ఆయన బళ్ళో ఏళ్ళతరబడి చెప్పిన మాటే. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. పంచె సర్దుకుని, ఒక చెయ్యి గోడకు ఆనించి, మోకాళ్ళ మీదికి దిగాడు. ఆమె గడియ తీసింది. మాస్టారు తల లోపలికి పెట్టాడు.

వెంటనే దగ్గు. బయటికి రాబోయి తల తలుపు చట్రానికి తగిలింది. భర్త గబుక్కున భుజాలు పట్టుకుని లాగాడు. మాస్టారి కళ్ళు రెండూ ఎర్రబడి ధారగా కారుతున్నాయి. మాట రాక చెయ్యి ఊపాడు. ఆమె ముందే తెచ్చి పెట్టుకున్న చెంబుతో నీళ్ళు అందించింది. ఆయన కళ్ళు కడుక్కున్నాడు, మళ్ళీ కడుక్కున్నాడు.

"ఘాటుగా ఉంది" అన్నాడు చివరికి. ఉన్నది లేదనే మనిషి కాదు. కానీ ఊపిరి తిరగ్గానే కమిటీ సెక్రటరీ కూడా తిరిగొచ్చాడు. "ఇంత ఘాటుంటే కోళ్ళు ఉండకూడదనేగా నేననేది."

"ఈ ఘాటు కోళ్ళది కాదు. చెక్కలది. ఎవరి మాటా కాదనలేక మేము కొట్టిన చెక్కలది. దీనివల్ల ఒకదానికి కన్ను పోయింది. మిగతావాటికి పోనివ్వను. పొట్టు మార్చమంటే రోజూ మారుస్తాను. గోల ఎక్కువగా ఉందంటే పొద్దున మీరు లేచిందాకా గూటి తలుపు తియ్యను. గాలి మాత్రం ముయ్యను. కోళ్ళను పంపను. మీరు మనుషుల్ని పిలిపిస్తారా, పిలిపించండి. తలుపు దగ్గర నేనుంటాను."

ఆమె జీవితంలో ఒక్కసారిగా అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు. మాట్లాడాక ఊపిరి పీల్చుకుని, గోడవారగా ఉన్న సుత్తి తీసింది. మొదటి చెక్క అంచు కింద దాని చీలిన వెనకవైపు దూర్చి వెనక్కి లాగింది. భర్త బిగించిన మేకులు కదా, రాలేదు. ఇంకోసారి లాగింది. అప్పుడు భర్త వచ్చాడు. సుత్తి తీసుకోలేదు. చెక్క రెండో చివర పట్టుకుని, "ఊఁ, లాగు" అన్నాడు.

మేకు కీచుమంటూ ఊడింది. లోపలి నుంచి వేడి ఘాటు ఒక్కసారి బయటికి కొట్టేసరికి కమిటీ మొత్తం రెండడుగులు వెనక్కి వేసింది. బేకరీ ఆయన ముక్కు మూసుకుని, "మాస్టారూ, ఈ గాలి లోపలుంచాలా, బయటికి పోవాలా, ముందది తేల్చండి" అన్నాడు. మాస్టారు కళ్ళజోడు పెట్టుకుని, కుర్చీ మడిచి చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఏ తీర్మానమూ జరగలేదు. వెళ్ళేటప్పుడు ఎవరో టార్పాలిన్ అంచు కూడా పట్టి లాగారు.

కళ్ళు తేటపడటం రోజురోజుకీ కనిపించింది. బొంగురుది ముందు తేరుకుంది. పొద్దునా సాయంత్రం ఆమె కోడిని ఒళ్ళో ఇరికించుకుని రెప్ప తెరిస్తే, అత్త గొట్టంలోంచి పూత పిండేది. ఒక సాయంత్రం ఆ పూత కంట్లో పడకుండా ముక్కు మీద పడింది. ఇంకోసారి పిండితే తురాయి మీద పడింది.

"కదులుతోందే ఇది" అంది అత్త.

కోడి కదల్లేదు. కటింగ్ మాస్టరమ్మ ఆవిడ మొహంలోకి చూసింది. "అత్తయ్యా, ఆ గోడమీద గడియారంలో ఎంతయిందో చెప్పండి."

"గడియారం సంగతి నాకెందుకు, పనా పాటా?"

"చెప్పండి."

"దేన్ని చూసినా అంచులు నల్లగా ఉంటున్నాయి" అంది అత్త, కోడి వీపు నిమురుతూ. "కొన్నాళ్ళయింది. మళ్ళీ మీకో పని, మళ్ళీ ఆస్పత్రులు. మొన్ననే కదా కోడి కోసం సెలవు పెట్టావు."

"రేపు మీ కోసం పెడతాను."

"రేపు" అని అత్త అదోలా నవ్వింది.

"సరే, రేపు కాదు. లేవండి." ఆమె కోడిని పెట్టెలో దించి, చేతులు కడుక్కుని, ఆ సాయంత్రమే ఆటో పిలిచింది. కంటి ఆస్పత్రిలో కౌంటరు దగ్గర ఇవాళ చూడరు, వచ్చేవారం రమ్మన్నారు. ఆమె పక్కకి తప్పుకోలేదు. "ఒక కన్ను ఇలాగే వచ్చేవారాలకే పోయింది. ఉన్నది ఇది ఒక్కటే. డాక్టరుగారు ఇంటికి వెళ్ళేదాకా ఇక్కడే ఉంటాం, వెళ్ళేటప్పుడైనా చూస్తారు" అని తలుపుకు ఎదురుగా అత్తను కూర్చోబెట్టి, పక్కన తాను కూర్చుంది. డాక్టరు బయటికి వస్తూ వాళ్ళను చూసి, ఆగి, మళ్ళీ లోపలికి తీసుకెళ్ళాడు. కంట్లో ఒత్తిడి పెరిగిందన్నాడు. పోయిన చూపు తిరిగి రాదు గానీ ఉన్నది నిలుస్తుంది, మందు మానకూడదన్నాడు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అత్త కోడలి చెయ్యి పట్టుకుని కూర్చుంది.

పెత్తనాన్ని మిగతావాటిలో కలిపిన పొద్దున పెద్ద రభస జరిగింది. డాక్టరు చెప్పినట్టే అయింది. నిన్నటిదాకా దాని వెనక నడిచిన పెట్టలే గుడ్డివైపు నుంచి వచ్చి పొడిచాయి. దొంగమొహంది అన్నిటికంటే ఎక్కువ. అత్త కర్ర పట్టుకుని పీట మీద కాపలా కూర్చుంది. మొదట్లో పెత్తనం దెబ్బ తగిలాక గానీ తిరిగేది కాదు. తర్వాత తల అదేపనిగా అటూ ఇటూ తిప్పుతూ నడవడం నేర్చుకుంది. గోడను గుడ్డివైపు ఉంచుకుని నిలబడటం నేర్చుకుంది. ఒకరోజు దొంగమొహంది గింజల దగ్గర మీదికి వస్తుంటే ఉన్నపళాన తిరిగి దాని మెడ ఈకలు నోట కరుచుకుని వదల్లేదు. అత్త కర్ర ఎత్తబోయి దించేసింది. పాత పెత్తనం మళ్ళీ రాలేదు, ముందు నడిచేది ఇప్పుడు బొంగురుదే. కానీ గింజల దగ్గర గోడవార చోటు పెత్తనానిది. అక్కడికి ఎవరూ రారు.

మాస్టారు ఊరుకోలేదు. ఆఫీసుకు ఫిర్యాదు పెడితే ఒక ఇన్‌స్పెక్టరు వచ్చాడు. జాలీ చూశాడు, కొత్త పొట్టు చేత్తో పట్టుకుని చూశాడు, వాసన చూశాడు. "నీళ్ళు నిలవకుండా చూసుకోండి" అన్నాడు. తర్వాత ఒంటికన్ను కోడిని చూసి, "దీన్ని కూడా ఉంచుకుంటారా?" అని అడిగాడు.

"ఉంచుకుంటాం" అన్నాడు భర్త. భార్య నోరు తెరిచేలోపే అన్నాడు.

మాస్టారు కిటికీ తలుపు కొన్నాళ్ళు మూసి ఉంచాడు. ఉక్కబోతకు తట్టుకోలేక మళ్ళీ తెరిచాడు. పెరట్లో కనపడితే మాట్లాడడు గానీ, వీధిలో ఎదురైతే తల ఊపుతాడు. ఆమె కూడా ఊపుతుంది.

వానలు పూర్తిగా వెనకపడ్డాక ఒక సాయంత్రం కటింగ్ మాస్టరమ్మ ఫ్యాక్టరీ నుంచి వస్తూ దాణా కొట్టు దగ్గర ఆగింది. చిల్లుల పెట్టెలో కోడిపిల్లల్ని పెట్టించుకుంది. పెట్టె నిండా కిచకిచ. వెనకసందులోంచి వస్తే ఇల్లు దగ్గర, ఎవరి కంటా పడనక్కర్లేదు. ఆమె వీధిలోంచే వచ్చింది. అరుగు మీద పేపరు చదువుకుంటున్న మాస్టారు ఆ గోలకు తలెత్తి, కళ్ళజోడు పైకి తోసి, ఆమెనూ పెట్టెనూ చూశాడు.

"ఇంకా తెస్తున్నారా?" అన్నాడు.

"తెస్తున్నానండీ" అని పెట్టె రెండో చేతికి మార్చుకుని, గేటు తెరుచుకుని లోపలికి వెళ్ళింది.